రాగి పోగు, రబ్బరు గొట్టం

నాగవ్వ నోటికి రాయికోడ్ బస్సు కండక్టరు కూడా జడుస్తాడు. సీటు దగ్గర, చిల్లర దగ్గర, ఆఖరికి బస్సు ఆలస్యమైనందుకు కూడా ఆమె అతన్ని దులిపేస్తుంది. అలాంటి మనిషి ఆ రోజు బస్సెక్కినప్పటి నుంచి జహీరాబాదులో దిగేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె ఒళ్లో ఐదేళ్ల మనవడు గుండయ్య కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. పక్కన కోడలు బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కొడుకు జగ్గయ్య పైకమ్మీ పట్టుకుని నిలబడి కిటికీలోంచి చెరుకు బండ్లను చూస్తున్నాడు గాని వాటిలో ఒక్కటీ అతని కంటికి ఆనడం లేదు. ఎనభై మూడో సంవత్సరం, చెరుకు కొట్టే కాలం అది.

గుండయ్య అనేది ముద్దుకు పెట్టిన పేరు కాదు. వాడికి ముందు బాలమణికి పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకని వీడు పుట్టగానే నాగవ్వ వాణ్ణి చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటావిడ చేత ఎత్తించి, ఆమెకు గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. చావు కంటికి పనికిమాలిన సరుకులా కనబడాలని గుండురాయి పేరు పెట్టి, ఎడమ ముక్కుకు రాగి తీగతో పోగు కుట్టించింది. ఏడేళ్లు నిండాక ఝరాసంగం తీసుకెళ్లి, దేవుడి ముందర మేనమామ చేత దాన్ని తీయించాలి. అంతవరకూ ఎవరూ ముట్టుకోకూడదు. జగ్గయ్యకూ చిన్నప్పుడు అలాగే కుట్టించారు. ఇప్పుడు మీసాలొచ్చి తండ్రయినా అతని ముక్కు మీద ఆ చిల్లి మచ్చ అలాగే ఉంది.

ఈ పట్టింపు వెనక నాగవ్వ గుండెలో ఒక ముల్లుంది. జగ్గయ్యకు ముందు ఆమెకొక ఆడపిల్ల. ఆ పిల్లకు కూడా అత్తగారు పట్టుబట్టి ముక్కు కుట్టించింది. కుట్టిన చోట చీము పట్టి, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేకపోయింది నాగవ్వ. అత్త చేనుకు పోయినప్పుడు తీగ మెలిక విప్పి పారేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే పిల్లకు జ్వరం తగిలింది, మళ్లీ కోలుకోలేదు. "నీ చేతులతోని నువ్వే తీసినవ్" అంది అత్త, శవాన్ని ఇంట్లోంచి ఎత్తకముందే. నాగవ్వ కళ్లల్లో నీళ్లు అక్కడే ఆగిపోయాయి. తీసినదానికి ఏడ్చే హక్కెక్కడిది అనుకుంది. అత్త పోయి ఎన్నేళ్లయినా ఆ మాట మాత్రం పోలేదు.

పెద్దరోడ్డు పక్కన డాక్టర్ ఇంద్రసేన పెట్టుకున్న దవాఖాన చిన్నదే. అతను హైదరాబాదులో పెద్ద సర్జన్ కింద చదువుకుని వచ్చినవాడు, ఇంకా నలభై నిండలేదు. గుండయ్య కడుపు మీద చెయ్యి వేసి చూశాడు. డోలులా బిగిసి ఉంది. పిల్లవాడు పొద్దుటి నుంచీ ఆకుపచ్చగా కక్కుతున్నాడు.

"కడుపుల నట్టపురుగులు పేగుల ఉండలెక్క చుట్టుకొని అడ్డం పడ్డయవ్వా. రెండు దినాలు ఇంట్ల పెట్టుకొని ఏం చేసిన్రు? ఆలస్యమైతే పేగు మురుగుతది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలె" అన్నాడు.

"చెయ్యి సారూ. నీ కాల్మొక్త" అంది నాగవ్వ. ఆపరేషన్ మాటకు ఆమె జంకలేదు. కడుపు కోస్తాడని తెలిసినా సరేనంది. పేచీ అంతా ఆ తర్వాతే వచ్చింది.

నర్సు మనోరమ సన్నటి రబ్బరు గొట్టం తెచ్చింది. దాన్ని ముక్కులోంచి కడుపులోకి దించి, లోపలున్న పసరంతా లాగెయ్యాలి. కుడి ముక్కులో ప్రయత్నించింది. నిరుడు గుండయ్య ఎడ్లబండి మీంచి బోర్లా పడినప్పుడు ముక్కు దూలం వంకరపోయింది, ఆ వైపు దారి మూసుకుపోయింది. గొట్టం పోలేదు సరికదా నెత్తురొచ్చింది. ఎడమ ముక్కులోంచి వెయ్యాలంటే రాగి తీగ అడ్డం.

"తీగ కత్తిరించు" అన్నాడు ఇంద్రసేన.

ఆ మాట పూర్తయ్యేలోపే నాగవ్వ బల్ల మీదికి వంగి మనవడి మొహాన్ని రెండు చేతులతో కప్పేసింది.

"కడుపు కొయ్యి, కాదంటలేను. పోగు మీద మాత్రం చెయ్యెయ్యకు సారూ."

"అవ్వా, అది తీస్తే ఏమైతది?"

"పోతడు."

"గొట్టం ఎయ్యకుంటే పోతడు!" డాక్టరు గొంతు లేచింది. "జర సమజ్ చేసుకో. పేగు కోసి కుట్టినంక అది కొన్ని దినాలు నిద్రపోతది. మేలుకునేదాక కడుపుల ఊరేదంత గొట్టంలకెళ్లి బయటికి గుంజాలె. లేకుంటే కడుపుబ్బి కుట్లు తెగుతై. మా పెద్దసారు గొట్టం లేకుంట ఒక్క పిల్లగాన్ని గూడ బల్ల దించనియ్యలే. నేను గూడ ఎన్నడు దించలే."

"మా అత్త గూడ పోగు లేకుంట ఒక్క పిల్లను ఇల్లు దాటనియ్యలే" అంది నాగవ్వ. మనవడి మొహం మీది చేతులు మాత్రం తియ్యలేదు.

ఇంద్రసేన జగ్గయ్య వైపు చూశాడు. జగ్గయ్య తల్లి వైపు చూశాడు. బాలమణి కూడా అత్త వైపే చూసింది. ఆ ఇంట్లో ప్రాణాల సంగతి నాగవ్వదే అని ముగ్గురి మొహాలూ చెప్పాయి. ఇంద్రసేనకు ముక్కు మీద కోపమేగాని, గడియారం ఎదురుగా ఉన్నప్పుడు కోపానికి సమయం ఇచ్చే మనిషి కాదు. పిల్లవాడి నాడి చూశాడు.

"సరే. మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం నోట్లకెళ్లి ఏసి కడుపు ఖాళీ చేస్త. కానీ ఆపరేషన్ అయినంక అట్ల ఉంచరాదు. తెలివొచ్చినంక కొరికేస్తడు. గొట్టం లేకుంటనే ఉండాలె. ఒక్క మాట చెప్తున్న, విను. తర్వాత వీడు కక్కిండంటే, ఇగ నీ మాట నేను వినను. నా మాట నువ్వు వినాలె. పోగు తీస్త, గొట్టం ఏస్త. ఒప్పుకుంటవా?"

నాగవ్వ మనవడి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "ఒప్పుకున్న" అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మురిగిన పేగు ముక్క కోసేసి, మిగిలింది కుట్టాడు. బయటికి తెచ్చి పడుకోబెట్టినప్పుడు గుండయ్య చేతికి సెలైన్ సీసా, పొట్ట మీద తెల్లటి కట్టు, ముక్కుకు ఎప్పటిలాగే రాగి పోగు ఉన్నాయి. నాగవ్వ దాన్ని వేలితో తాకి చూసుకుని, మంచం పక్కన నేల మీద చతికిలబడింది.

పక్క మంచంలో న్యాల్‌కల్ వైపు పిల్ల ఒకతి ఉంది, పేరు మహాదేవమ్మ, ఇంచుమించు గుండయ్య ఈడే. టైఫాయిడ్‌తో పేగుకు చిల్లి పడితే ఇంద్రసేనే కుట్టాడు. ఆ పిల్ల ముక్కులో గొట్టం ఉంది. లాగేసుకుంటుందని రెండు చేతులూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టారు. గొంతు ఒరుసుకుపోయి మాట రాదు, ఉమ్మి మింగినా ఏడుపే. వాళ్లమ్మ తడిగుడ్డతో పెదవులు అద్దుతూ, "మంచిగైతదమ్మా, మంచిగైతది" అని కన్నడం కలిసిన తెలుగులో సముదాయిస్తూ ఉంటుంది. ఆ పిల్ల కళ్లు మాత్రమే అటూ ఇటూ తిరిగేవి. ఆ కళ్లు చూడలేక నాగవ్వ అటువైపు వీపు పెట్టుకుని కూర్చునేది.

మర్నాటికి గుండయ్య లేచి కూర్చుంటానని పేచీ మొదలుపెట్టాడు. చేతులు కట్టేయలేదు కాబట్టి ఈగల్ని కొట్టుకున్నాడు, సెలైన్ సీసాలో బుడగలెన్నో అడిగాడు, రొట్టె కావాలన్నాడు. రొట్టె లేదంటే నాగవ్వ గారాబం చేసి పాడుచేసిన నోరంతా బయటపెట్టి డాక్టర్నే తిట్టాడు. ఇంద్రసేన నవ్వలేదు. వాడి కడుపు నొక్కి చూసి, పక్క మంచం దాకా వెళ్లి ఆ పిల్ల కడుపు నొక్కి చూసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. అతని కళ్లు ఈ పిల్లవాడి మీద ఒకసారి, ఆ పిల్ల మీద ఒకసారి నిలిచాయి. ఏం లెక్క తేలిందో ఎవరికీ చెప్పలేదు.

"కక్కలేదు గద?" అని మాత్రం అడిగాడు.

"కక్కలే సారూ."

"కక్కితే చెప్పాలె. మాటిచ్చినవ్."

"నాగవ్వ మాటంటే మాటే" అంది. ఆ రోజు ఆ మాట చెప్పడం సులువుగానే ఉంది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం జగ్గయ్య టీకి బయటికెళ్లాడు. బాలమణి పెరట్లో పంపు దగ్గర బట్టలు పిండుతోంది. మహాదేవమ్మ, వాళ్లమ్మ కునుకు తీస్తున్నారు. ఎండ కిటికీలోంచి వచ్చి మంచం కాళ్ల మీద పడుతోంది. రోడ్డు మీద లారీల చప్పుడు తప్ప దవాఖానంతా నిమ్మళంగా ఉంది. నాగవ్వ మనవడికి తాటాకు విసనకర్రతో విసురుతోంది.

గుండయ్య ఉన్నట్టుండి మొహం అదోలా పెట్టాడు. "అవ్వా" అన్నాడు. పక్కకు ఒరిగి కక్కాడు.

ఎక్కువేం కాదు. గుప్పెడు పసరు నీళ్లు, అంతే. నాగవ్వ కొంగులో పడ్డాయి. పిల్లవాడు మూతి తుడుచుకుని మళ్లీ వెల్లకిలా పడుకున్నాడు. నాగవ్వ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఎవరూ చూడలేదు. కొంగు మడిచి నడుంలో దోపుకుంది. ఒక్క కొంగు తడుపుకుని పిండేస్తే ఈ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదు. పోగు పోగులాగే ఉంటుంది. ఇంకో రెండేళ్లు ఎలాగో నెట్టుకొస్తే ఝరాసంగమే.

ఆమె లేచి పంపు వైపు నాలుగడుగులు వేసింది కూడా. గుమ్మం దగ్గర ఆగింది. కడుపుబ్బి కుట్లు తెగుతాయన్నాడు ఆ సారు. అది నిజమైతే? తను దాచినందుకు వీడికేమైనా అయితే? పోగు తీస్తే పోతాడని అత్త చెప్పింది, గొట్టం లేకపోతే పోతాడని డాక్టరు చెప్పాడు. ఇద్దరి మాటా నిజమైతే వీడికి బతికే దారే లేదు. నాగవ్వకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. పోయిన అత్త మీద, ఆ పెద్దసారు మీద, తన మీద, అందరి మీదా కలిపి మండింది. వెనక్కి తిరిగి మంచం మీద కూర్చుంది.

"గుండా, జర కదలకు కొడుకా."

"ఏం చేస్తున్నవే?"

"ఏం లేదు. కండ్లు మూసుకో."

తీగ మెలిక బిగుసుకుపోయింది. ఆమె వేళ్లు ముసలివి. మెలిక ఎటు తిప్పాలో ఆ వేళ్లకు గుర్తుంది. అది మరీ కష్టంగా ఉంది. ఒకసారి తీగ గుచ్చుకుని పిల్లవాడు "అబ్బా" అన్నాడు. ఆమె ఆగింది, మళ్లీ తిప్పింది. తీగ ఊడి అరచేతిలో పడింది. మనవడి ముక్కు బోసిగా, చిన్నగా కనబడింది. అచ్చం పోయిన తన బిడ్డ ముక్కులాగే ఉందనిపించింది నాగవ్వకు.

"సిస్టరమ్మా!" అని అరిచింది. "సారును పిలువు. పిలగాడు కక్కిండు."

ఇంద్రసేన అన్నం తిన్న చెయ్యి తుడుచుకుంటూనే వచ్చాడు. నాగవ్వ తడి కొంగు విప్పి చూపించింది. తర్వాత అరచెయ్యి విప్పి తీగ చూపించింది.

"తీసిన సారూ. నేనే తీసిన. ఇగ ఏస్కో నీ గొట్టం."

డాక్టరు ఆ తీగ వంక చూశాడు. మనోరమ అప్పటికే పళ్లెంలో గొట్టం పట్టుకుని వచ్చింది. ఇంద్రసేన మంచం అంచున కూర్చుని గుండయ్య కడుపు మీద చెయ్యి వేశాడు. నెమ్మదిగా, మూలమూలలా నొక్కాడు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఎంతసేపంటే, గుండయ్యకు విసుగొచ్చి "నాకు రొట్టె పెట్టమను" అన్నాడు. అయినా డాక్టరు చెవుల్లోంచి స్టెతస్కోపు తియ్యలేదు.

"కడుపు మెత్తగనే ఉంది" అన్నాడు చివరికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "లోపట గుడగుడ వినొస్తుంది. పేగు మేలుకుంటుంది."

"గొట్టం ఇయ్యనా సర్?" అంది మనోరమ.

ఇంద్రసేన చెయ్యి చాచాడు. గొట్టం అందుకోలేదు. ఆ చెయ్యి మళ్లీ పిల్లవాడి కడుపు మీదే పెట్టుకున్నాడు. అతని నుదుటి మీద చెమట నాగవ్వకు కనబడింది. పోగు విప్పేటప్పుడు తనకూ అలాగే పట్టిందని ఆమెకు తట్టింది.

"వద్దు" అన్నాడు. "ఒక్కసారే కక్కిండు. కడుపు ఉబ్బలే. మల్ల కక్కితే, ఉబ్బితే అప్పుడు ఏద్దాం. గొట్టం ఇక్కడనే పెట్టు, చేతికందేటట్టు. నేను యాడికి పోను."

"ఏసెయ్ సారూ" అంది నాగవ్వ. "పోగు గూడ తీస్తి గదా. ఏదో ఒకటన్న ఉండాలె గద వానికి!"

"వానికి నువ్వున్నవ్, నేనున్న. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్నంత మాత్రాన ఆగిపోతుందా? ఆ సాయంత్రమంతా, ఆ రాత్రంతా నాగవ్వ రెప్ప వెయ్యలేదు. డాక్టరు కూడా అన్న మాట ప్రకారం ఇంటికి పోలేదు, గదిలోనే తిరుగుతూ వచ్చి వచ్చి కడుపు చూసి పోయాడు. గుండయ్య ఒక్కడే హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాడు.

తెల్లవారి ఇంద్రసేన కడుపు చూద్దామని వంగేసరికి, గుండయ్య పెద్ద చప్పుడుతో గాలి వదిలాడు.

మామూలు రోజుల్లో అయితే అలాంటి దానికి నాగవ్వ వాడి పిర్ర మీద ఒక్కటిచ్చేది. ఆ రోజు మాత్రం దవాఖానలో అందరి మొహాలూ వెలిగిపోయాయి. మనోరమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. జగ్గయ్య దణ్ణం పెట్టాడు, ఎవరికో అతనికే తెలియదు. ఇంద్రసేన అక్కడే, పిల్లవాడి పక్కనే, బడి వదిలిన పిల్లాడిలా పకపకా నవ్వాడు.

"అయిపోయిందవ్వా! పేగు మంచిగ నడుస్తుంది. జరన్ని నీళ్లు తాపు. అవి కడుపుల నిలిస్తే, రేపు గంజి."

"రొట్టె?" అన్నాడు గుండయ్య.

"రొట్టె ఎల్లుండి రా. నన్ను తిట్టినందుకు ఒకదినం ఎక్కువ."

తర్వాత అతను పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. మహాదేవమ్మ కడుపు చూశాడు, చెవి పెట్టి విన్నాడు. ఆ పిల్ల చేతుల పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆ పిల్లకు ఇంక గాలి పోలే సర్" అని గుర్తుచేసింది మనోరమ.

"తెలుసు. కడుపు మెత్తగుంది, చప్పుడుంది. తీసి చూద్దాం. అక్కరొస్తే మల్ల ఏద్దాం." ముక్కు మీది పట్టీ ఊడదీసి, గొట్టాన్ని మెల్లగా బయటికి లాగాడు. ఆ పిల్ల దగ్గి, ఉమ్మి మింగి, తల్లి వైపు తిరిగి బొంగురుగా "అవ్వా, నీరు" అంది. వాళ్లమ్మ కూతుర్ని రెండు చేతులా పట్టుకుంది.

ఇంద్రసేన వచ్చి నాగవ్వ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. రాత్రంతా నిద్రలేని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒకటి అడుగుత సారూ, కోపం చెయ్యకు" అంది నాగవ్వ. "గొట్టం లేకుంటనే మంచిగైండు గద. మరి ఆనాడు నాతోని ఎందుకంత కొట్లాడితివి?"

అతను కళ్లు నులుముకున్నాడు. "గొట్టం పెట్టినోళ్లు బతికిన్రు, నేను చూసిన. పెట్టకుంటే ఏమైతదో ఎన్నడు చూడలే. అందరికి పెడితిమి, ఇగ యాడ చూస్తం? కొందరికి కావాలెనేమో. అందరికీ ఎందుకని నాకు ఎన్నడు అనుమానం రాలే. మాకు గట్లనే నేర్పిన్రు."

"నాకు గూడ గట్లనే నేర్పిన్రు" అంది నాగవ్వ. నిన్నటి నుంచీ పిడికిట్లోనే ఉన్న తీగను విప్పి చూసుకుంది. "ఒక పిల్లకు తీసిన సారూ, నా చేతులతోని. నా బిడ్డకే. తీసినంక జరమొచ్చింది. పోయింది. పోగు తీసినందుకే పోయిందన్నరు."

ఇంద్రసేన ఆమె అరచేతిలో ఉన్న తీగ వైపు చూశాడు. అంత భయాన్ని అరచేతిలో పట్టుకుని నిన్న ఈమె ఏం చేసిందో అతనికి అప్పుడు అర్థమైంది.

"ఆ బిడ్డను నేను చూడలేదవ్వా, ఏ జరమో చెప్పలేను" అన్నాడు మెల్లగా. "కానీ తీగ తీస్తే ఎవరు పోరు. వీన్ని చూడు."

నాగవ్వ చూసింది. గుండయ్య బోసి ముక్కుతో, గొట్టం లేకుండా, పోగు లేకుండా కూర్చుని గ్లాసులో నీళ్లు గుటుక్కు గుటుక్కున తాగుతున్నాడు. నీళ్లు గడ్డం మీంచి కారుతున్నాయి. చెవులదాకా నవ్వుతున్నాడు. రాత్రంతా వాడి మీద ఏ కాపలా లేదు. అయినా వాడున్నాడు.

ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. జగ్గయ్య ఉలిక్కిపడి చూశాడు, తల్లి ఏడుపు అతను పుట్టిన తర్వాత ఎప్పుడూ వినలేదు. ఆమె కొంగు నోటికి కూడా అడ్డం పెట్టుకోకుండా, నేల మీద కూర్చుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

బాలమణి పరుగున వచ్చి భుజాలు పట్టుకుంది. "ఏందత్తా, ఏడుస్తున్నవెందుకు? పిలగాడు మంచిగైండు గద!"

"వీని కోసం కాదే" అంది నాగవ్వ, కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని. "నీ ఆడిబిడ్డ కోసం. ఎంకమ్మ దాని పేరు. పెద్ద పెద్ద కండ్లుండె."